రిటైరయ్యాక ఏ ఊరికి మారాలి? బెంగళూరులో ఉన్న మనవాళ్లు ఎలా తేల్చుకోవాలి?

మా అపార్ట్‌మెంట్ కింద పొద్దున్నే వాకింగ్‌కొచ్చే గుంపులో ఆరుగురం తెలుగువాళ్లం, అందరం 58 నుంచి 68 మధ్య, షుగర్ మాత్రల కబుర్లు అయిపోయాక ఎప్పుడూ ఒకే టాపిక్, ఈ ట్రాఫిక్‌లో ఇంకెన్నాళ్లు, ఎక్కడికెళ్దాం అని. ఒకాయన చిక్కబళ్లాపురం దగ్గర ఎకరం కొని మామిడి చెట్లు పెడతానంటాడు, ఇంకొకాయన మైసూర్ అంటాడు, ఒకాయనకి వైజాగ్‌లో సముద్రం కనపడే ఫ్లాట్ కావాలి. నాది మొదట్నించి మదనపల్లె. రెండేళ్లు తిరిగి, అడిగి, ఒక ఊళ్లో మూడు నెలలు అద్దెకుండి చూశాక నాకొకటి తెలిసొచ్చింది. ఇప్పుడు ఇద్దరం కాళ్లాడుతూ బాగున్నాం కాబట్టి ఏ ఊరైనా బాగానే కనపడుతుంది, రేపు 78 ఏళ్లొచ్చి ఇద్దర్లో ఒకళ్లే మిగిల్తే ఆ మనిషి అక్కడ ఎట్లా బతుకుతారు అని అడగండి, లిస్టులో సగం ఊళ్లు అక్కడే పోతాయి.

స్టెప్ 1: ఊరి పేరు రాయకుండా ఒక రోజు రాయండి

భార్యాభర్తలు విడివిడిగా కూర్చోని, మామూలు మంగళవారం పొద్దున్నించి రాత్రి దాకా ఏం చేస్తారో రాయండి. పండగ రోజు కాదు, ఉత్త మంగళవారం. పాలు ఎవరు తెస్తారు, పనిమనిషి ఎన్నింటికొస్తుంది, గుడికి నడిచెళ్లగలరా, ఎవరితో మాట్లాడతారు. నా పేపర్లో తోట, పేపరు, మధ్యాన్నం నిద్ర ఉన్నాయి. మా ఆవిడ పేపర్లో మనుషులున్నారు, చెల్లెలు, పక్కింటావిడ, శనివారం గుడి, కూరగాయల బండి దగ్గర బేరం. నాకు నిజంగా సిగ్గేసింది, ముప్పై ఏళ్లు కాపురం చేసి కూడా ఆమెకి ఏ ఊరు కావాలో నేను ఒక్కసారీ అడగలేదని.

ఇంకో విషయం, మన ఇళ్లల్లో ఆడవాళ్లు మొగుడికన్నా నాలుగైదేళ్లు చిన్న, పైగా ఎక్కువకాలం బతికేదీ వాళ్లే. కాబట్టి చివరికి ఆ ఊళ్లో ఒంటరిగా ఉండే ఛాన్స్ ఆమెకే ఎక్కువ. ఓట్లు సమానం కాదన్నమాట, ఆమెకి రెండు, మీకు ఒకటి.

స్టెప్ 2: హాస్పిటల్‌కి రాత్రి పూట వెళ్లి చూడండి

ఇది ఒక్కటి చేసి మిగతావన్నీ వదిలేసినా పర్లేదు. పగలు వెళ్లి బిల్డింగ్ చూసి, అబ్బో ఐదంతస్తులు అని వచ్చేయకండి. రాత్రి పదకొండుకి మీరు అద్దెకి తీసుకోబోయే వీధి నుంచి కారేసుకుని వెళ్లండి, టైం చూస్కోండి. అక్కడ కౌంటర్లో అడగాల్సినవి కొన్నే: ఈ టైంలో సీటీ స్కాన్ తీస్తారా, క్యాథ్ ల్యాబ్ (గుండె రక్తనాళాల్లో అడ్డం తీసే గది) ఉందా, గుండె డాక్టరు రాత్రి పిలిస్తే ఎంతసేపట్లో వస్తాడు, డయాలసిస్ ఉందా. పక్షవాతం వచ్చినప్పుడు రక్తం గడ్డ కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా నాలుగున్నర గంటల్లోపే ఇస్తారు, దానికి ముందు స్కాన్ తీయాలి, అంటే ఇంట్లోంచి బయల్దేరడం, దారి, స్కాన్, అన్నీ ఆ నాలుగున్నర గంటల్లోనే జరగాలి. చిన్న ఊళ్లో స్కాన్ సెంటర్ రాత్రి తొమ్మిదికి షట్టరేస్తే మీరు 108 ఎక్కి మళ్లీ ఈ బెంగళూరుకే రావాలి.

మేం మూడు నెలలున్న ఊళ్లో (పేరు చెప్పను, ఆ ఊరివాళ్లు మంచివాళ్లు) మా ఆవిడ ఒక రాత్రి ఛాతీలో నొప్పి అంది. దగ్గర్లో ఉన్న నర్సింగ్ హోమ్‌కి వెళ్తే ఈసీజీ మిషనుంది కానీ చూసి చెప్పే డాక్టరు లేడు, ఫోటో తీసి వాట్సాప్‌లో ఎవరికో పంపించి నలభై నిమిషాలు కూర్చోబెట్టారు. చివరికి గ్యాస్ అని తేలింది, దేవుడి దయ. కానీ ఆ నలభై నిమిషాల్లో నేను ఆ ఊరిని మనసులోంచి కొట్టేశాను.

ఈ లెక్కన చూస్తే తిరుపతిలో స్విమ్స్ పెద్దాసుపత్రి ఉంది, ఎముకలకి టీటీడీ వాళ్ల బర్డ్ హాస్పిటల్ ఉంది, పెద్ద కేసైతే వేలూరు సీఎంసీ రెండు మూడు గంటల్లో చేరొచ్చు. పుట్టపర్తిలో సత్యసాయి సూపర్ స్పెషాలిటీ 1991 నుంచి ఉచితంగా చూస్తోంది. కుప్పంలో పీఈఎస్ మెడికల్ కాలేజీ ఉంది. మైసూర్‌లో జయదేవ గుండె హాస్పిటల్ బ్రాంచి ఉంది. హోసూరు అయితే బెంగళూరు హాస్పిటళ్లే మీ హాస్పిటళ్లు, కాకపోతే మధ్యలో సిల్క్ బోర్డ్ జంక్షన్ ట్రాఫిక్ ఉందని మర్చిపోవద్దు.

స్టెప్ 3: ఒంటరి మనిషి పరీక్ష పెట్టండి

మీ ఇద్దర్లో డ్రైవింగ్ రాని మనిషి, అంటే చాలా ఇళ్లల్లో ఆవిడ, ఆ ఊళ్లో ఒక వారం ఒక్కతే ఉండాలి. కారు మీరు తీసుకుని వచ్చేయండి. బ్యాంకు, మందుల షాపు, గుడి, చెక్కుబుక్కు, గ్యాస్ సిలిండర్, కరెంట్ పోతే లైన్‌మన్, అన్నీ ఆమె ఆటోలో, నడిచి చేస్కోగలిగితే ఊరు పాసైనట్టు. మాకు తెలిసినాయన ఒకరు ఊరి బయట రెండెకరాల్లో చాలా ముచ్చటగా ఇల్లు కట్టుకున్నారు, బావి, ఆవు, అన్నీ. ఆయన పోయాక ఆవిడకి కూరగాయలకి వెళ్లాలన్నా రెండు కిలోమీటర్లు, చీకటి పడితే తలుపు తీయాలంటే భయం. ఏడాది తిరక్కుండానే వచ్చిన రేటుకి అమ్మేసి కొడుకు దగ్గరికి వెళ్లిపోయారు. తోట అందంగానే ఉండేది పాపం.

భాష సంగతి కూడా ఇక్కడే చూడాలి. బెంగళూరులో తెలుగుతో నడిచిపోతుంది కాబట్టి మనకి దాని విలువ తెలియదు. కోయంబత్తూరులో వాతావరణం, హాస్పిటళ్లు రెండూ బ్రహ్మాండం, తెలుగు ఇంట్లో మాట్లాడే కుటుంబాలు కూడా ఉన్నాయి, కానీ రాత్రి నర్సుతో నొప్పి ఎక్కడో, ఎట్లాంటి నొప్పో చెప్పాలంటే అరవం రావాలి. హోసూరులో ఆ బెంగ లేదు, తమిళనాడే అయినా తెలుగు మాట్లాడేవాళ్లు బోలెడంతమంది.

స్టెప్ 4: మూడు ఊళ్లకి మించి పెట్టుకోకండి

నేను పదకొండు ఊళ్లు రాసుకుని ఎక్సెల్ షీట్ చేసి మార్కులేశాను, ఐటీ బుద్ధి ఎక్కడికి పోతుంది, ఏం లాభం లేదు. మూడు చాలు.

మదనపల్లె గురించి మాత్రం నాలుగు ముక్కలు చెప్పాలి, నా ప్రాణం కాబట్టి. బెంగళూరుకి 120 కిలోమీటర్లు, సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తు, టీబీకి మందు లేని రోజుల్లోనే గాలి బాగుందని ఆరోగ్యవరంలో శానిటోరియం కట్టారంటే చూడండి. 1919లో ఠాగూర్ అక్కడికొచ్చి ఉన్నప్పుడే జనగణమనని ఇంగ్లీషులోకి మార్చారు. పక్కనే హార్స్‌లీ హిల్స్. టమాటా కొనాల్సిన పనే లేదనుకోండి, మార్కెట్టే అక్కడుంది. మైనస్ ఏంటంటే రైల్వే స్టేషన్ ఊళ్లో లేదు, సీటీఎం అనే ఊరి దగ్గరుంది, పది కిలోమీటర్ల పైనే, అర్ధరాత్రి ట్రైన్ దిగితే పిల్లలు తిట్టుకుంటూ వస్తారు.

హిందూపురం 100 కిలోమీటర్లు, ట్రైన్లు బాగున్నాయి, పిల్లలు బెంగళూరులో ఉంటే ఆదివారం వచ్చి భోంచేసి పోవచ్చు. నీళ్లే అడిగి తెలుసుకోవాలి, వాన తక్కువ సీమ అది. తిరుపతి 250 కిలోమీటర్లు, ఎండలు 40 దాటతాయి, బ్రహ్మోత్సవాలప్పుడు మన వీధిలోకి మనం పోలేం, అయినా ట్రైన్లు, రేణిగుంట ఎయిర్‌పోర్టు, హాస్పిటళ్లు, అన్నిటికన్నా ఎప్పుడూ చుట్టాలు వచ్చిపోతుంటారు. (మరీ ఎక్కువొస్తారు, గెస్ట్ రూమ్ లేని ఇల్లు చూస్కోండి.) వైజాగ్ అంటే నాకూ ఇష్టమే కానీ 2014లో హుద్‌హుద్ తుఫాను చూసినవాళ్లని అడగండి, పై అంతస్తు సీ వ్యూ ఫ్లాట్ కావాలా అని.

స్టెప్ 5: కొనకండి, ముందు అద్దెకుండండి, అదీ ఏప్రిల్, మేలో

అందరూ డిసెంబర్‌లో వెళ్లి చూసి పడిపోతారు. డిసెంబర్‌లో ఏ ఊరైనా ఊటీనే. ఏప్రిల్‌లో దిగండి, మున్సిపాలిటీ నీళ్లు ఎన్ని రోజులకోసారి వస్తున్నాయి, ట్యాంకర్ ఎంత, బోరు ఎన్ని అడుగులు, కరెంట్ ఎన్నిసార్లు పోతోంది, అన్నీ వాటంతటవే తెలుస్తాయి. 2024 ఎండాకాలం బెంగళూరులోనే ట్యాంకర్ల కోసం కొట్టుకున్నాం కదా, నీళ్ల సంగతి మనకి కొత్తగా చెప్పాలా. ఆగస్టు దాకా ఉంటే వానలో రోడ్డు, మురుగు కాలవ కూడా తేలిపోతాయి. మొత్తం సామాను తీసుకెళ్లొద్దు, రెండు మంచాలు, కుక్కర్, మిక్సీ చాలు.

స్టెప్ 6: బెంగళూరు ఇల్లు అమ్మాలా?

నా ఓటు, మొదటి రెండేళ్లు అమ్మొద్దు. అద్దెకివ్వండి లేదా తాళమేసి ఉంచండి, వెనక్కి రావాలనిపిస్తే చోటుండాలి. తప్పక అమ్మాలంటే ట్యాక్సు లెక్క ముందే వేసుకోండి, ఎందుకంటే పెద్ద ఊళ్లో అమ్మి చిన్న ఊళ్లో కొనేవాళ్లకి ఇందులో ఒక మెలిక ఉంది. ఉదాహరణకి 35 లక్షలకి కొన్న ఫ్లాట్ ఇప్పుడు కోటీ 60 లక్షలకి పోయిందనుకోండి, లాభం కోటీ 25 లక్షలు. రెండేళ్లలో ఇంకో ఇల్లు కొంటే, లేదా మూడేళ్లలో కట్టుకుంటే, ఆ కొత్తింటికి పెట్టినంత వరకే మాఫీ. చిన్న ఊళ్లో ఇల్లు 60 లక్షలకే వచ్చిందంటే మిగిలిన 65 లక్షల లాభం అట్లాగే ఉంటుంది. అందులో 50 లక్షలు ఆరు నెలల్లోపు క్యాపిటల్ గెయిన్స్ బాండ్లలో పెడితే అదీ పోతుంది, మిగిలిన 15 లక్షల మీద 12.5 శాతం, అంటే లక్షా 87 వేల 500, పైన సెస్సు. 2024 జులై 23కి ముందు కొన్న ఇల్లయితే పాత పద్ధతిలో ఇండెక్సేషన్ వేసి (అంటే కొన్న ధరని ధరల పెరుగుదలకి తగ్గట్టు పెంచి) 20 శాతం లెక్క కూడా చూడొచ్చు, ఏది తక్కువైతే అది. ఆడిటర్‌కి ఐదువేలు ఇచ్చి కూర్చోని లెక్క వేయించుకోండి, అడ్వాన్సు తీసుకోకముందే.

మిగిలిన డబ్బులో సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీమ్‌లో ఒక్కొక్కరు 30 లక్షల దాకా పెట్టొచ్చు, మూడు నెలలకోసారి వడ్డీ, ఊరు మారితే ఖాతా కూడా మార్చుకోవచ్చు.

ఇంకొకటి, ఎలాగూ వెళ్లిపోతున్నాం కదా అని ఇక్కడి ఇల్లు పిల్లలకి గిఫ్ట్ డీడ్ రాసేయకండి. వీలునామా రాయండి చాలు. రాసి తీరాలంటే మమ్మల్ని చూసుకోవాలి అన్న షరతు డీడ్‌లోనే పెట్టించండి, చూసుకోకపోతే 2007 సీనియర్ సిటిజన్స్ చట్టం 23వ సెక్షన్ కింద ఆ గిఫ్ట్ రద్దు చేయించుకోడానికి అదే ఆధారం. పిల్లలు మంచివాళ్లే, కాగితం కాగితమే.

స్టెప్ 7: కొనేటప్పుడు కాగితాలు

ఇక్కడ ఇంటి ఖాతా కాగితం గోల ఎట్లాగో ఆంధ్రాలో రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ సెక్షన్ గోల అట్లాగ. నిషేధిత భూముల లిస్టులో ఆ సర్వే నంబరు ఉందేమో ముందు చూడండి, ఉంటే రిజిస్ట్రేషన్ అవ్వదు, ఎంత తెలిసినవాళ్లు చెప్పినా అడ్వాన్సు ఇవ్వొద్దు. ముప్పై ఏళ్ల ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపించే కాగితం) తీయించండి. కొనేది ఒకే అంతస్తు ఇల్లో, లిఫ్టున్న ఫ్లాటో అయ్యుండాలి, బాత్రూం తలుపులోంచి వీల్‌చైర్ పట్టాలి, టేపు పట్టుకెళ్లి కొలవండి, బ్రోకర్ నవ్వినా సరే.

రిటైర్మెంట్ కమ్యూనిటీల గురించి చాలామంది అడుగుతున్నారు. వంట, నర్సు, ఎమర్జెన్సీ బెల్ ఉంటాయి, ఒంటరి మనిషి పరీక్షలో బాగానే పాసవుతాయి. కానీ రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబర్ ఉందా, డిపాజిట్ ఎప్పుడు తిరిగిస్తారు, నెలకి మెయింటెనెన్స్ ఏటా ఎంత పెంచొచ్చు అన్నది అగ్రిమెంట్‌లో ఉందా, మంచాన పడితే ఉంచుకుంటారా పంపించేస్తారా, ఈ నాలుగూ రాతలో అడగండి. చివరిదానికి సేల్స్ అబ్బాయి మొహం చూడండి, జవాబు అక్కడే దొరుకుతుంది.

స్టెప్ 8: మారేముందు మార్చాల్సినవి

హెల్త్ ఇన్సూరెన్స్‌కి ముందు ఫోన్ చేయండి, కొన్ని పాలసీలకి ఊరిని బట్టి జోన్ ఉంటుంది, చిన్న ఊరి అడ్రస్ ఇచ్చి ప్రీమియం తగ్గించుకుని తర్వాత బెంగళూరులో ఆపరేషన్ చేయించుకుంటే బిల్లులో కొంత మన జేబులోంచి పోవచ్చు. 70 దాటినవాళ్లకి ఏడాదికి 5 లక్షల ఆయుష్మాన్ వయవందన కార్డు 2024 అక్టోబర్ నుంచి ఉంది, మీరు చూసుకున్న హాస్పిటల్ అది తీసుకుంటుందా అని కౌంటర్లోనే అడగండి. ఈపీఎస్ పెన్షన్‌కి (పీఎఫ్ వాళ్లిచ్చేది) 2025 జనవరి నుంచి ఏ బ్యాంకైనా ఏ బ్రాంచైనా సరే, ఊరు మారినా పెన్షన్ ఆర్డరు మార్చక్కర్లేదు. లైఫ్ సర్టిఫికెట్ ఫోన్లోనే మొహం చూపించి ఇవ్వొచ్చు. ఓటు మార్చడానికి ఫారం 8.

ఆధార్ అడ్రస్ మారిస్తే ఇక్కడ ఆడవాళ్లకిచ్చే శక్తి ఫ్రీ బస్సు పోతుందని మా ఆవిడ బాధ. ఆంధ్రాలో కూడా 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి ఉంది కదా, అక్కడా ఫ్రీనే అని చెప్పాక శాంతించింది. ఏప్రిల్‌కి తిరుపతిలో వాళ్ల చెల్లెలుండే వీధిలోనే కింది పోర్షన్ పదకొండు నెలల అగ్రిమెంట్‌కి మాట్లాడాం. నాకు ఆ ఎండ అస్సలు పడదు. ఓట్లు లెక్కేస్తే రెండు, ఒకటి, కాబట్టి నేను ప్రస్తుతానికి ఏసీ రేట్లు చూస్తున్నాను.