పెరటి కోళ్ల పెంపకం – 7వ పాఠం: జబ్బుకోడిని వేరు చేసిన తరువాత

జబ్బుపడిన కోడిని వెంటనే వేరు చేయాలన్న గత పాఠాన్ని చాలామంది ఆచరణలో పెట్టారు గాని, గంప కింద మూసి మందలోనే ఒక మూల ఉంచినవారే ఎక్కువ. గంప సందుల్లోంచి ఈగలు, రెట్ట దుమ్ము అటూ ఇటూ పోతూనే ఉంటాయి. వేరు చేయడమంటే వేరే చోటు, వేరే నీళ్ల పళ్లెం, వేరే చెప్పులు. పనిలో వరుస కూడా మారాలి. ఉదయం ఆరోగ్యంగా ఉన్నవాటికి మేత, నీళ్లు పెట్టిన తరువాతే జబ్బుకోడి దగ్గరికి వెళ్లాలి, తిరిగి వచ్చి సబ్బుతో చేతులు కడగనిదే మంద జోలికి పోకూడదు. నాలుగు గింజలు తిన్నదని ఆనాడే మందలో కలిపినవారు కొద్దిరోజుల్లోనే మరో కోడి తూగడం చూశారు. దీర్ఘకాలిక శ్వాస రోగం కలిగించే మైకోప్లాస్మా, కోడి కోలుకున్నట్టు కనిపించినా దాని ఒంట్లో ఉండిపోయి ఇతర కోళ్లకు అంటుకోగలదు.

జబ్బుకోడిని ఈదురుగాలి తగలని చోట ఉంచి నీళ్లు అందించడం మీకు తెలిసినదే. నన్ను విసిగించే పొరపాటు మరొకటి ఉంది: కోడి తూగగానే ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ పొడిని నీళ్లలో కలిపి మంద మొత్తానికీ పెట్టడం. జబ్బుకోడి నీళ్లు సరిగా తాగదు కనుక, మందు అవసరమైన కోడికి తప్ప మిగతా అన్నిటికీ అందుతుంది. మెడ మెలితిరిగి, ఆకుపచ్చ రెట్ట వేసే కొక్కెర తెగులు వైరస్ వల్ల వచ్చేది. దానికి ముందుగా వేయించే టీకాయే రక్షణ, వచ్చాక ఏ యాంటీబయాటిక్కూ దానిని తగ్గించదు. జుట్టు మీద, తమ్మెల మీద పొక్కులు లేచే మశూచి సంగతీ అంతే. పిల్లల్లో రక్తపు రెట్టకు తరచుగా కారణమయ్యే కాక్సిడియా ఏకకణ పరాన్నజీవి. దానికి వాడే ఆంప్రోలియం వేరే జాతి మందు. పైగా మందు అవశేషాలు గుడ్లలోకి దిగుతాయి కనుక, పశువైద్యులు చెప్పిన గడువు తీరేదాకా వాటిని తినకూడదు. ఇంత చేసి, కొందరు భయపడినది జబ్బును చూసి కూడా కాదు: అంధనాళాల (పేగుకు అంటి, ఒక చివర మూసుకుని ఉండే గొట్టాల) నుంచి వచ్చే రెట్ట ముదురు గోధుమ రంగులో, జిగటగా, దుర్వాసనతో ఉంటుంది, రోజులో కొన్నిసార్లు అలా పడటం సహజమే.

కోడి చనిపోతే పూడ్చడానికి తొందరపడకండి. కళేబరాన్ని రెండు సంచుల్లో చుట్టి, మంచు ముక్కల మధ్య చల్లగా ఉంచి, వీలైతే ఆనాడే పరీక్షకు పంపితే మిగతావాటిని కాపాడే దారి తెలుస్తుంది. గడ్డకట్టిస్తే కణజాలం చెడి పరీక్ష కష్టమవుతుంది. పరీక్ష వీలుకాకపోతే బావికి, నీటి వనరులకు దూరంగా, కుక్కలు తవ్వలేనంత లోతున సున్నం చల్లి పూడ్చాలి. ఉన్నట్టుండి పలు కోళ్లు చనిపోయినా, జుట్టు నీలంగా మారినా ఒట్టి చేత్తో తాకకుండా పశువైద్యులకు తెలపండి. బర్డ్ ఫ్లూ మనుషులకూ సోకగలదు.

పేరు పెట్టి పిలుచుకున్న పెట్ట పోతే బాధ తప్పదు. ఇంట్లో పిల్లలకు మాత్రం అది పారిపోయిందని చెప్పవద్దు, వాళ్లు రోజూ పొదల్లో వెతుకుతూ ఉంటారు. దాని చోటు నింపాలని వెంటనే కొత్త కోడిని తేవడం కూడా నాకు నచ్చదు: కోళ్లకు కాళ్లు చచ్చుబడే జబ్బు తెచ్చే మారెక్స్ వైరస్ ఈకల దుమ్ములో నెలల తరబడి బతుకుతుంది, మిగిలిన కోళ్లు తమలో తాము పెద్దరికం తేల్చుకోవడానికి కొంతకాలం పొడుచుకుంటాయి కూడా. ఎప్పుడు తెచ్చినా 30 రోజులు విడిగా ఉంచిన తరువాతే కలపాలి.

అభ్యాసం: రెండు వారాలపాటు ప్రతి రాత్రి, కోళ్లు గూటికి చేరాక, దీపం వెలిగించకుండా ఒక్కొక్కదాని రొమ్ము ఎముకను వేళ్లతో తడమండి. ఎముకకు ఇరువైపులా కండ నిండుగా ఉందా, ఎముక అంచు కత్తిలా తగులుతోందా అన్నది కోడివారీగా రాసిపెట్టండి. కంటి చూపు కన్నా నేను ఈ పద్ధతినే నమ్ముతాను, ఎందుకంటే ఈకలు దట్టంగా ఉన్న కోడి చిక్కిపోయినా కంటికి తెలియదు. వచ్చే పాఠానికి ఆ పట్టిక దగ్గర ఉండాలి.