కాలనీ పార్కులో మొక్కలు నాటే ముందు ఈ పని చేయండి

పార్కంటే చెట్లే కదా, అక్కడ భూమిని వేడెక్కించే కార్బన్ డయాక్సైడ్ లెక్కేంటి అనిపిస్తుంది. ఒకసారి పొద్దున్నే ఆరింటికి వెళ్లి చూడండి, ఓ మూల ఊడ్చిన ఆకుల కుప్ప కాలుతుంటుంది, ఇంకోవైపు బోరు మోటారు లాన్‌ని తడుపుతూనే ఉంటుంది. కొత్త మొక్కలు, ఫొటోలు తర్వాత. ముందు ఈ రెండింటి సంగతి తేల్చండి.

ఆకులతో మొదలుపెట్టండి, శివరాత్రి నుంచి ఉగాది దాకా వేప, కానుగ ఎడాపెడా రాలుస్తాయి కాబట్టి, వాటిని కాల్చకుండా ఎరువు చేయడానికి అంతకుముందే నీడ ఉన్నచోట నాలుగు కర్రలు పాతి చుట్టూ ఇనుప జాలీ కట్టేయాలి. మూడడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు, ఇంతకంటే చిన్నదైతే లోపల వేడి నిలవదు. అడుగున ఎండుపుల్లలు, పైన జానెడు ఆకు, దాని మీద కోసిన పచ్చిగడ్డి గానీ పేడనీళ్లు గానీ, మళ్లీ ఆకు. గుప్పెట్లో పట్టి పిండితే చెయ్యి తడవాలి, నీళ్లు మాత్రం కారకూడదు. పది రోజులకోసారి పారతో తిరగేయాలి, అందరం బద్ధకించేది ఇక్కడే. నేనూ మొదటిసారి నింపేసి మర్చిపోయాను, వానాకాలం వచ్చేసరికి అటు నడవలేనంత కంపు! గాలాడకపోతే మీథేన్ పుడుతుంది, వందేళ్ల లెక్కలో అది కార్బన్ డయాక్సైడ్ కంటే 25 రెట్లకు పైగా వేడి పెంచే వాయువు.

తోటమాలిని తిట్టకండి, ఆకులు ఎత్తుకెళ్లేవాళ్లు లేకే పాపం కాలుస్తున్నాడు. కమిటీవాళ్లు వినకపోతే జరిమానా సంగతి చెప్పండి. బహిరంగంగా చెత్త కాల్చితే 5,000, పెద్ద ఎత్తున అయితే 25,000 రూపాయలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016లోనే చెప్పింది.

ఇక మోటారు. 5 హెచ్‌పీది గంట నడిస్తే దాదాపు 4 యూనిట్లు, మన కరెంటులో ఎక్కువ భాగం బొగ్గుదే కాబట్టి యూనిట్‌కి సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వేసుకోండి. చెట్ల కింద లాన్ ఎలాగూ సరిగ్గా పెరగదు, అక్కడ గడ్డి తీసేసి రాలిన ఆకే పరచండి, నేల తొందరగా ఆరదు, తడపాల్సిన పనీ తగ్గుతుంది. మిగతా లాన్‌కి ఎండెక్కక ముందే నీళ్లు పెట్టించండి.

ఎరువు నల్లబడి, తొలకరి మట్టి వాసన వస్తే తయారైనట్టే, తిరగేస్తూ ఉంటే మూడు నాలుగు నెలలు పడుతుంది. కాండానికి ఆనించకుండా బెత్తెడు వదిలి చుట్టూ వేయండి.