ఇంటర్నేషనల్ స్కూల్ టీచర్‌గా విదేశాలకు వెళ్లాలంటే ఏం చేయాలి?

బీఈడీ చేసి నాలుగైదేళ్లు ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్పినవాళ్లలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు ఈ ఆలోచన వస్తుంది, ఇదే పాఠం దుబాయ్‌లోనో దోహాలోనో చెబితే ఎంతిస్తారు అని. వెళ్లడం కష్టమేమీ కాదు, మనవాళ్లు ఏటా వెళ్తూనే ఉన్నారు. కానీ ఆఫర్ చేతికొచ్చాక సర్టిఫికెట్ల కోసం పరిగెత్తేవాళ్లు, కాంట్రాక్టు చదవకుండా సంతకం పెట్టేసేవాళ్లు చాలామంది. పాఠం చెప్పడం మీకు వచ్చు కాబట్టి దాని గురించి ఇక్కడ పెద్దగా చెప్పను, కాగితాల గురించే ఎక్కువ చెబుతాను.

1. ముందు ఏ రకం స్కూలో తేల్చుకోండి

బోర్డు మీద ‘ఇంటర్నేషనల్’ అని ఉంటే సరిపోదు, ఆ మాట మన దగ్గర గల్లీకొక స్కూలు మీద కనిపిస్తుంది. మనవాళ్లకు ఉద్యోగాలు దొరికేది ప్రధానంగా రెండు రకాల స్కూళ్లలో. ఒకటి, గల్ఫ్‌లో ఉన్న సీబీఎస్ఈ స్కూళ్లు. యూఏఈ, ఒమన్, ఖతార్, కువైట్, సౌదీ, బహ్రెయిన్ అన్నిచోట్లా ఉన్నాయి, సిలబస్ మనదే, పిల్లలూ ఎక్కువమంది మనవాళ్లే, కాబట్టి డిగ్రీ, బీఈడీ, కొంత అనుభవం ఉంటే పిలుస్తారు. రెండోది ఐబీ (ఇంటర్నేషనల్ బ్యాకలారియేట్), కేంబ్రిడ్జ్, బ్రిటిష్ సిలబస్ స్కూళ్లు. జీతం, ఇల్లు, విమాన టికెట్ల విషయంలో సాధారణంగా ఇవే మెరుగు, కానీ ఆ సిలబస్ ముందే చెప్పినవాళ్లకే పెద్దపీట వేస్తారు.

అందుకే నా సలహా ఏమిటంటే, మీకు ముప్పై లోపే ఉండి ఇంట్లో అంత తొందర లేకపోతే, ముందు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఒక ఐబీ లేదా కేంబ్రిడ్జ్ స్కూల్లో రెండేళ్లు చేయండి. ఆ స్కూలు పంపితే ఐబీ వర్క్‌షాప్ కూడా చేయండి. ఆ రెండేళ్లు మీ సీవీలో చేసే పని ఇంకో పీజీ కూడా చేయదు.

సబ్జెక్టును బట్టి కూడా కథ మారుతుంది. మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ, కంప్యూటర్స్ వాళ్లకు దారి తేలిక. ఇంగ్లిష్ టీచర్లకు కాస్త చేదుగా ఉండే విషయం, చైనాలాంటి చోట ఇంగ్లిష్ బోధించే ఉద్యోగాలకు సాధారణంగా అమెరికా, బ్రిటన్ లాంటి ఇంగ్లిష్ దేశాల పాస్‌పోర్టే అడుగుతారు, మీరు ఎంత బాగా చెప్పినా సరే. ఇంకో మంచి దారి, ఇంగ్లాండ్‌లో టీచర్‌గా గుర్తింపు ఇచ్చే క్యూటీఎస్ (క్వాలిఫైడ్ టీచర్ స్టేటస్). 2023 నుంచి భారతీయ టీచర్లు కూడా మన డిగ్రీ, అనుభవం చూపించి దీనికి దరఖాస్తు చేసుకోవచ్చు, అయితే 11 నుంచి 16 ఏళ్ల పిల్లలకు మ్యాథ్స్, సైన్స్, లేదా భాషలు చెప్పేవాళ్లయి ఉండాలి. బ్రిటిష్ స్కూళ్లు ఏ దేశంలో ఉన్నా దీన్ని గౌరవిస్తాయి.

అన్నట్టు టెట్ మార్కులు, డీఎస్సీ ర్యాంకు అక్కడ ఎవరూ అడగరు.

2. సర్టిఫికెట్ల పని ఈరోజే మొదలుపెట్టండి

ఆఫర్ రాకముందే చేయాల్సిన పని ఇది. మనలో చాలామంది దగ్గర ఇప్పటికీ ప్రొవిజనల్ సర్టిఫికెటే ఉంటుంది. అది చాలదు, యూనివర్సిటీకి వెళ్లి డిగ్రీకి, బీఈడీకి ఓడీలు (ఒరిజినల్ డిగ్రీలు) తీసుకోవాలి. ఒరిజినల్స్ మీరు పనిచేసే స్కూలు యాజమాన్యం దగ్గరే ఉండిపోతే (ఇది మన ప్రైవేటు స్కూళ్లలో మామూలే) వాటిని ముందు బయటికి తెచ్చుకోండి, రాజీనామా చేసే రోజు అడిగితే బేరాలు మొదలవుతాయి.

తర్వాత అటెస్టేషన్, అంటే సర్టిఫికెట్ అసలుదేనని ప్రభుత్వాల ముద్రలు వేయించుకోవడం. యూఏఈ అయితే వరస ఇలా ఉంటుంది: ముందు రాష్ట్ర ప్రభుత్వ ముద్ర, దాని మీద విదేశాంగ శాఖ ముద్ర, ఆ పైన యూఏఈ రాయబార కార్యాలయం ముద్ర, అక్కడికి వెళ్లాక వాళ్ల విదేశాంగ శాఖ ముద్ర. ఒమన్, బహ్రెయిన్ లాంటి హేగ్ ఒప్పందం దేశాలకు అపోస్టిల్ (ఆ ఒప్పందంలోని దేశాలు ఒప్పుకునే ఒకే ముద్ర, మన విదేశాంగ శాఖ వేస్తుంది) సరిపోతుంది. మన దేశం 2005 నుంచే ఆ ఒప్పందంలో ఉంది. యూనివర్సిటీ వెరిఫికేషన్ కూడా కలిస్తే వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. దూరవిద్యలో డిగ్రీ చేసినవాళ్లు ఆ సంగతి స్కూలుకు మొదటి మెయిల్‌లోనే చెప్పండి, కొన్ని దేశాల్లో అది ఒప్పుకోరు.

ఇక పేర్లు. తెలుగువాళ్లకు వచ్చే అసలు తలనొప్పి ఇదే. పదో తరగతి మెమోలో ఇంటిపేరుకు ఒక అక్షరం, డిగ్రీలో ఇంటిపేరు చివర, పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు ముందు, ఆడవాళ్లకైతే పెళ్లయ్యాక ఇంకొక ఇంటిపేరు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవాళ్లు మరీ జాగ్రత్త, ఒక్క పేరే ఉన్న పాస్‌పోర్టుల మీద యూఏఈ 2022 నవంబరులో ఆంక్షలు పెట్టింది. పాస్‌పోర్టును పదో తరగతి మెమోకు సరిపోయేలా ఇప్పుడే సరిచేయించుకోండి.

3. దరఖాస్తు ఎప్పుడు, ఎలా

గల్ఫ్‌లోని సీబీఎస్ఈ స్కూళ్లకు కొత్త సంవత్సరం ఎక్కువగా ఏప్రిల్‌లో మొదలవుతుంది కాబట్టి ఇంటర్వ్యూల హడావుడి డిసెంబరు నుంచే ఉంటుంది. ఐబీ, బ్రిటిష్ స్కూళ్లు ఆగస్టు, సెప్టెంబరుల్లో తెరుస్తారు, అయినా మంచి స్కూళ్లు అంతకుముందు అక్టోబరు నుంచే టీచర్లను వెతకడం మొదలుపెడతాయి. మే, జూన్‌లలో ఎవరో ఒకరు మానేసి కొన్ని ఖాళీలు పడతాయి, ఆశ వదులుకోకండి. స్కూళ్ల సొంత వెబ్‌సైట్లు, టీచర్ ఉద్యోగాల సైట్లు టెస్, ష్రోల్, సెర్చ్ అసోసియేట్స్ చూడండి.

సీవీ రెండు పేజీలు దాటకూడదు. తండ్రి పేరు, కులం, మతం, ‘పైన తెలిపిన వివరాలు నిజమని ప్రమాణం చేస్తున్నాను’ ఇవన్నీ తీసేయండి. మీ క్లాసు పిల్లల్లో ఏం మార్పు తెచ్చారో, ఏ సిలబస్ ఎన్నేళ్లు చెప్పారో రాయండి. రిఫరెన్సుగా ఇచ్చే ప్రిన్సిపాల్‌ది స్కూలు పేరున్న మెయిల్ ఉండాలి, జీమెయిల్ చూస్తే వాళ్లకు అనుమానం. పిల్లల భద్రత విషయంలో ఇంటర్నేషనల్ స్కూళ్లు చాలా గట్టిగా ఉంటాయి, మీరు పనిచేసిన చోట్లన్నిటిలోనూ మీ గురించి అడుగుతారు, పోలీస్ క్లియరెన్స్ కూడా తప్పదు.

4. ఇంటర్వ్యూ, డెమో

డెమో ఎక్కువగా వీడియోలోనే. ఇక్కడ మనవాళ్లు చేసే పని, ఇరవై నిమిషాలూ ఆపకుండా తామే మాట్లాడడం. వాళ్లు చూసేది మీ గొంతు కాదు, పిల్లాడు ఏం చేస్తున్నాడని. ఒకే క్లాసులో వెనకబడినవాడికి ఏమిచ్చారు, ముందున్నవాడికి ఏమిచ్చారు, అర్థమైందో లేదో పాఠం మధ్యలో ఎలా కనిపెట్టారు, ఈ మూడూ తప్పక అడుగుతారు. పిల్లాడు మీతో ఏదైనా వేధింపు గురించి చెబితే ఏం చేస్తారు అన్న ప్రశ్న కూడా దాదాపు ఖాయం. రహస్యంగా ఉంచుతానని మాట ఇవ్వను, స్కూల్లో ఆ బాధ్యత చూసేవారికి వెంటనే తెలియజేసి రాతపూర్వకంగా నమోదు చేస్తాను అనాలి.

మీరూ వాళ్లను పరీక్షించండి. దుబాయ్ స్కూళ్ల తనిఖీ నివేదికలు అక్కడి ప్రైవేటు స్కూళ్లను చూసే ప్రభుత్వ సంస్థ కేహెచ్‌డీఏ వెబ్‌సైట్‌లో అందరికీ కనిపిస్తాయి. ఆ ఉద్యోగంలో ముందున్న టీచర్ ఎందుకు వెళ్లిపోయారో అడగండి, తడబడితే అర్థం చేసుకోండి.

5. ఆఫర్ లెటర్ చదవడం

ఇక్కడ తొందరపడకండి. మొత్తం జీతం కంటే బేసిక్ ఎంతో చూడండి. యూఏఈలో ఉద్యోగం వదిలేటప్పుడు వచ్చే గ్రాట్యుటీ బేసిక్ మీదే లెక్క, మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్, ఆ తర్వాత ఏడాదికి 30 రోజులు. ఇద్దరికి 6,000 దిర్హాముల జీతమే అనుకుందాం, ఒకరి బేసిక్ 3,000 అయితే ఏడాదికి 2,100 జమ అవుతుంది, ఇంకొకరిది 4,500 అయితే 3,150.

భార్యనో భర్తనో పిల్లలనో తీసుకెళ్లాలంటే యూఏఈలో 4,000 దిర్హాముల జీతం, లేదా 3,000తో పాటు కంపెనీ ఇల్లు ఉండాలి. స్కూలిచ్చే ఇల్లు ఒక్కరికా, ఇంకొకరితో పంచుకోవాలా అడగండి. పిల్లల ఫీజు మాఫీ అంటారు, ఎంతమందికి, ఎంత శాతం, బస్సు కలిపా కాదా అన్నది కాగితం మీద రాయించుకోండి, ఎందుకంటే అక్కడి ఫీజులకు మీ జీతంలో సగం అటే పోగలదు. ప్రొబేషన్ యూఏఈలో 6 నెలలకు మించకూడదు. ఏ కరెన్సీలో ఇస్తారో కూడా ముఖ్యమే. దిర్హామ్ 1997 నుంచి డాలరుకు 3.6725 దగ్గరే కట్టి ఉంది, అదే ఈజిప్టులో స్థానిక పౌండ్లలో జీతం తీసుకున్నవాళ్లకు 2024 మార్చిలో ఆ కరెన్సీ పడిపోయినప్పుడు ఇంటికి పంపే డబ్బు ఒక్క దెబ్బకి తరిగిపోయింది.

6. ఏజెంట్లు, వీసా

స్కూలే నేరుగా తీసుకుంటే ఏజెంటు అక్కర్లేదు. ఏజెంటు ద్వారానే వెళ్తుంటే మన కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో అతని రిజిస్ట్రేషన్ చూడండి, మన నిబంధనల ప్రకారం అతను తీసుకోగలిగేది గరిష్ఠంగా 30,000 రూపాయలు, పైన జీఎస్టీ. లక్షల్లో అడిగితే ఫోన్ పెట్టేయండి. పదో తరగతి దాటినవాళ్ల పాస్‌పోర్టుకు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అక్కర్లేదు, అది సుఖమే కానీ అంటే మీ కాంట్రాక్టును ప్రభుత్వం తరఫున ఎవరూ చూడరన్నమాట, చూసుకోవాల్సింది మీరే. విజిట్ వీసా మీద వచ్చి చేరండి, తర్వాత మార్పిస్తాం అంటే వెళ్లకండి. చేరాక పాస్‌పోర్టు స్కూలు దగ్గర ఉంచమని అడిగినా ఇవ్వక్కర్లేదు, యూఏఈలో యజమాని దాన్ని తన దగ్గర పెట్టుకోవడం చట్టవిరుద్ధం.

7. బయల్దేరే ముందు బ్యాంకు పని

విదేశీ ఉద్యోగం మొదలయ్యాక మామూలు సేవింగ్స్ ఖాతాను అలాగే వాడకూడదు, ఎన్ఆర్ఓగా (విదేశాల్లో ఉండేవాళ్లు ఇక్కడి ఆదాయం కోసం ఉంచుకునే ఖాతా) మార్చాలి, అక్కడి సంపాదన పంపడానికి ఎన్ఆర్ఈ ఖాతా తెరవాలి, ఈ ఎన్ఆర్ఈ మీద వడ్డీకి ఇక్కడ పన్ను లేదు. మన దగ్గరి ఫోన్ నంబరును రోమింగ్‌లో బతికించి ఉంచండి, లేకపోతే ఓటీపీ రాక ఈ ఖాతాలేవీ తెరుచుకోవు.