పాసుపుస్తకంలో వ్యవసాయ భూమే, మరి పన్ను నోటీసు ఎందుకు వచ్చింది? సమస్య - పరిష్కారం

పట్టాదారు పాసుపుస్తకంలో వ్యవసాయ భూమి అని ఉన్నది, రిజిస్ట్రేషన్ తహసీల్దారు కార్యాలయంలోనే జరిగింది, రైతుబంధు సొమ్ము కూడా ఖాతాలో పడ్డది, అయినా ఆదాయపు పన్ను శాఖ ఇది వ్యవసాయ భూమి కాదంటున్నది, ఇదేం న్యాయమని హన్మకొండలో నా బల్ల ముందు కూర్చొని ఎవరో ఒకరు అడగని నెల లేదు. భూమి అమ్మకాలు, కాగితాలు, పన్ను లెక్కలు తెలిసినవారి కోసమే ఇది రాస్తున్నాను కనుక పహాణీ (భూమి, పంట వివరాలుండే రెవెన్యూ రికార్డు), నాలా (వ్యవసాయ భూమిని వ్యవసాయేతర వాడకానికి మార్చడం) వంటి మాటలను ఇంతకు మించి వివరించను. ఇక్కడ ఇచ్చిన పన్ను సెక్షన్ల సంఖ్యలు 1961 నాటి ఆదాయపు పన్ను చట్టానివి. 2026 ఏప్రిల్ 1 నుంచి దాని స్థానంలో 2025 చట్టం వచ్చింది కాబట్టి ఆ తరువాతి లావాదేవీలకు కొత్త సంఖ్యలు చూసుకోవాలి.

ఏ సమస్యకైనా మొదట చూడవలసినది

నోటీసు ఏ చట్టం కింద వచ్చిందో చూసి, ఆ చట్టంలో నిర్వచనాల సెక్షన్ తెరిచి చదవండి. ఈ ఒక్క పని చేయకుండానే పాసుపుస్తకం జిరాక్సులు కట్టలు కట్టుకొని వచ్చేవారు పదిమందిలో తొమ్మిది మంది. నిర్వచనాల సెక్షన్ "ఈ చట్టంలో" అన్న మాటతో మొదలవుతుంది, అంటే ఆ అర్థం ఆ చట్టం గడప దాటదు. తహసీల్దారు కార్యాలయం 2020 నవంబరు నుంచి వ్యవసాయ భూములను రిజిస్టర్ చేస్తున్నది నిజమే, భూ రికార్డుల పోర్టల్ ధరణి పోయి 2025లో భూభారతి వచ్చినా ఆ ఏర్పాటు మారలేదు. కానీ ఆ కార్యాలయం చూసేది రెవెన్యూ రికార్డులో భూమి ఏ వర్గంలో ఉన్నదన్నదే. ఆ భూమి ఆదాయపు పన్ను చట్టానికి ఏమవుతుందో చెప్పే అధికారం దానికి లేదు, చెప్పానని అది అనుకోదు కూడా.

అర్థం ఎంత దూరం మారగలదో రెండు ఉదాహరణలు చాలు. 1973 నాటి భూ సంస్కరణల చట్టం, అనగా ఒకరికి ఉండదగిన భూమికి పరిమితి పెట్టే సీలింగు చట్టం, సాగులో ఉన్న నేలనే కాక సాగుకు పనికివచ్చే నేలను కూడా లెక్కలోకి తీసుకుంటుంది. సంపద పన్ను కింద హైదరాబాదు బేగంపేటలోని, నిజాం కాలపు ప్రభువులైన పైగా వారి ఎస్టేటు భూముల కేసు వచ్చినప్పుడు మాత్రం, నేల సాగుకు పనికివస్తే చాలదని, వాడకమో వాడాలన్న ఉద్దేశమో కనబడాలని 1976లో సుప్రీంకోర్టు చెప్పింది. మాట ఒక్కటే, ఒకచోట చాలునన్నది ఇంకొకచోట చాలదన్నారు.

లక్షణం: అమ్మిన తరువాత మూలధన లాభంపై (ఆస్తి అమ్మితే వచ్చిన లాభంపై) నోటీసు

కారణం దాదాపు ఎప్పుడూ దూరమే. సెక్షన్ 2(14) ప్రకారం గ్రామీణ వ్యవసాయ భూమి మూలధన ఆస్తి కాదు, అమ్మితే ఆ లాభంపై పన్ను లేదు. అయితే పదివేలకు తగ్గని జనాభా ఉన్న పురపాలక పరిధిలో ఆ భూమి ఉండరాదు. పరిధి బయట ఉన్నా, పదివేలు దాటి లక్ష వరకు జనాభా ఉన్న పట్టణపు సరిహద్దు నుంచి 2 కిలోమీటర్ల లోపు, లక్ష దాటి పది లక్షల వరకు ఉంటే 6 కిలోమీటర్ల లోపు, పది లక్షలు దాటితే 8 కిలోమీటర్ల లోపు ఉండరాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం వరంగల్, కరీంనగర్, నిజామాబాద్, రామగుండం నాలుగూ ఈ మూడు జనాభా వర్గాల్లో మధ్యదానిలోనివే, అంటే 6 కిలోమీటర్లు.

ఇంతవరకు అందరికీ తెలుసు. దెబ్బ తగిలేది కొలతలో. నేను కూడా అక్కడే దెబ్బ తిన్నాను. నర్సంపేట రోడ్డు వైపు ఒక రైతు రెండెకరాల చెలక (మెట్ట భూమి) అమ్మినప్పుడు, పట్టణం నుంచి ఊరు ఎనిమిది కిలోమీటర్లని అధికారి సంతకం, ముద్ర ఉన్న దూరపు ధ్రువపత్రం తెచ్చి ఇచ్చాడు. నేను దాన్ని ఫైలులో పెట్టి, పన్ను లేదని నిశ్చింతగా చెప్పాను. ఏడాదిన్నర తరువాత నోటీసు వచ్చింది. తీరా చూస్తే ఆ ఎనిమిది కిలోమీటర్లు చెరువు కట్ట చుట్టూ తిరిగి వెళ్లే బస్సు దారి దూరం. చెరువు మీదుగా సూటిగా కొలిస్తే సరిహద్దు నుంచి ఐదున్నర కూడా లేదు. ఆ ధ్రువపత్రంలో అబద్ధం లేదు, అడిగినదానికి అధికారి సరిగానే జవాబు ఇచ్చాడు. అడగవలసినది అడగనిది మేమే.

పాత తీర్పుల్లో రోడ్డు దూరమే లెక్క అని ఉన్న మాట వాస్తవమే, వాటిని ఇప్పటికీ చూపించేవారు ఉన్నారు. కానీ 2013 ఆర్థిక చట్టం దూరాన్ని గగన మార్గంలోనే, అంటే సూటిగానే కొలవాలని మార్చింది, 2014-15 అసెస్‌మెంటు సంవత్సరం నుంచి అదే లెక్క. రెండో పొరపాటు, కొలత ఎక్కడి నుంచి మొదలుపెట్టాలన్నది. హన్మకొండ చౌరస్తా నుంచి కాదు, బస్టాండు నుంచి కాదు, పురపాలక సంస్థ సరిహద్దు గీత నుంచి కొలవాలి. ఆ గీత కూడా కదులుతుంది. మడికొండ, హసన్‌పర్తి వంటివి నగరపాలక పరిధిలో కలిసిన తరువాత సరిహద్దు బయటికి జరిగింది, దానితో పాటు ఆరు కిలోమీటర్ల వలయమూ జరిగింది. తండ్రి అమ్మినప్పుడు పన్ను పడలేదు కనుక నాకూ పడదని వాదించే కొడుకులు దీన్ని గమనించరు. మూడోది, వరంగల్ ఒక్కదాన్నే చూసి ఊరుకోవడం. వరంగల్‌కు ఎంతో దూరాన ఉన్న భూమి నర్సంపేట, జనగామ వంటి పురపాలక సంఘపు సరిహద్దుకు కిలోమీటరున్నర దూరంలో ఉండవచ్చు, అప్పుడు 2 కిలోమీటర్ల నిబంధన కింద పట్టుబడుతుంది.

పరిష్కారం అమ్మకానికి ముందే మొదలు కావాలి. పురపాలక కార్యాలయంలో అమ్మే నాటి సరిహద్దు నక్షా తీసుకొని, సర్వే నంబరు దగ్గరి అంచు నుంచి సరిహద్దు దగ్గరి బిందువు వరకు సూటి దూరం సర్వేయరు చేత కొలిపించండి. ధ్రువపత్రంలో "పురపాలక సరిహద్దు నుంచి గగన మార్గంలో" అన్న మాటలు ఉండేటట్లు దరఖాస్తులోనే రాయండి. ఫోనులోని పటంపై గీత గీసి ముందుగా ఒక అంచనా వేసుకోవచ్చు, ఐదున్నర నుంచి ఆరున్నర మధ్య వస్తే మాత్రం దాన్ని నమ్మవద్దు.

అప్పటికే అమ్మేసి, వలయంలో ఉన్నట్టు తేలితే, సెక్షన్ 54బి మిగిలి ఉంటుంది. ఇక్కడ మళ్లీ అర్థం మారుతుంది, ఈసారి మీకు అనుకూలంగా. ఈ సెక్షన్ అమ్మిన భూమి ఎక్కడున్నదని అడగదు, అమ్మకానికి ముందు రెండేళ్లు ఆ వ్యక్తి గానీ తల్లిదండ్రులు గానీ దానిలో సేద్యం చేశారా అని మాత్రమే అడుగుతుంది. చేసి ఉంటే, రెండేళ్లలో మరో వ్యవసాయ భూమి కొని మినహాయింపు పొందవచ్చు. రిటర్ను గడువు నాటికి కొనలేకపోతే ఆ సొమ్మును మూలధన లాభాల ఖాతా పథకంలో వేయాలి. సేద్యానికి రుజువుగా పహాణీలో పంట పేరు ఒక్కటే పెట్టి ఊరుకోకండి, ఏనుమాముల మార్కెట్‌లో పత్తి, మిర్చి అమ్మిన రసీదులైన తక్‌పట్టీలు దానికంటే గట్టివి. వాటిని పారేసే అలవాటు మనవాళ్లకు ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

లక్షణం: కొన్నవారికి టీడీఎస్ (చెల్లించే సొమ్ములోనే కోసి కట్టే పన్ను) నోటీసు, లేదా పరిహారంలో కోత

ఒకే చట్టంలో ఒకే మాటకు రెండు ఎదురెదురు అర్థాలున్న చోటు ఇది. యాభై లక్షలు, ఆపైన విలువ గల స్థిరాస్తి కొంటే 1 శాతం కోసి కట్టాలని చెప్పే సెక్షన్ 194-ఐఏ, వ్యవసాయ భూమికి మినహాయింపు ఇస్తూనే, పైన చెప్పిన పట్టణ వలయంలోని భూమిని ఆ మాట నుంచి తీసివేసింది. ప్రభుత్వం భూసేకరణ చేసి పరిహారం ఇచ్చేటప్పుడు వర్తించే 194-ఎల్‌ఏ మాత్రం, వలయంలోని భూమిని కూడా వ్యవసాయ భూమి కిందనే చేర్చుకొని కోత వద్దన్నది. కనుక వలయంలోని అదే చెలకను పక్కింటివారికి అమ్మితే వ్యవసాయ భూమి కాదు, రింగు రోడ్డుకు పోతే అవును. కొన్నవారు అమ్మినవారి మాట నమ్మి కోయకపోతే, కోయవలసిన సొమ్ము, దానిపై నెలకు 1 శాతం వడ్డీ కొన్నవారి మెడకే చుట్టుకుంటాయి. పరిహారంలో కోత పడితే 194-ఎల్‌ఏ వివరణను చూపిస్తూ సేకరణ అధికారికి రాతపూర్వకంగా ఇవ్వండి. 194-ఐఏ వివరణను చూపిస్తే మీ వాదనకు మీరే గండి కొట్టుకున్నట్టు.

లక్షణం: తాకట్టు భూమిని బ్యాంకు వేలానికి పెట్టడం

బాకీ కింద తాకట్టు ఆస్తిని కోర్టుకు వెళ్లకుండానే అమ్ముకొనే వీలు బ్యాంకులకు ఇచ్చే సర్ఫేసీ చట్టంలో సెక్షన్ 31 వ్యవసాయ భూమిని మినహాయించింది, కానీ ఆ మాటకు నిర్వచనం ఇవ్వలేదు. రెవెన్యూ రికార్డులోని పేరు ఒక్కటే చాలదని, భూమి స్వభావం, వాడకం, తాకట్టు నాటికి ఇరుపక్షాల ఉద్దేశం అన్నీ కలిపి చూడాలని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. రైసు మిల్లు కట్టి, ఆ స్థలం పాసుపుస్తకాన్ని చూపించే వాదన నిలబడదు. నిజంగా పంట ఉన్న భూమి అయితే తాకట్టు నాటి పంట రుజువులు వెతకండి.

విదేశాల్లో ఉన్న పిల్లల పేరున వ్యవసాయ భూమి కొనడంపై ఫెమా (విదేశీ మారకద్రవ్య చట్టం) నిషేధం, సీలింగు డిక్లరేషన్ల తగాదా వంటివి ఎప్పుడో ఒకసారి వస్తాయి, వాటికి న్యాయవాది దగ్గరికి వెళ్లండి.

లక్షణం: అగ్రిమెంటులో "వ్యవసాయ భూమి" అని ఉండి కొన్నవారూ అమ్మినవారూ కొట్లాడుకోవడం

కారణం, బయానా కాగితం రాసినవారు ఆ మాటను ఏ అర్థంలో వాడారో చెప్పకపోవడమే. అమ్మినవారు పాసుపుస్తకం అర్థంలో హామీ ఇస్తారు, కొన్నవారు పన్ను అర్థంలో వింటారు. పాత కాగితానికి ఉమ్మడిగా సవరణ పత్రం రాయించవచ్చు, కొత్త కాగితమైతే ఈ రెండు వాక్యాలు చేర్చండి: "ఈ ఒప్పందంలో వ్యవసాయ భూమి అనగా రెవెన్యూ రికార్డులో అట్లు నమోదైన భూమి మాత్రమే. ఆదాయపు పన్ను చట్టం కింద దీని స్వభావాన్ని జతచేసిన దూరపు ధ్రువపత్రం ప్రకారం ఇరుపక్షాలు నిర్ణయించుకొని, టీడీఎస్ కోయుట లేక కోయకుండుట ఆ ప్రకారమే జరుపవలెను." ధ్రువపత్రాన్ని అగ్రిమెంటుకు అనుబంధంగా కుట్టి, ప్రతి పేజీపై ఇద్దరి సంతకాలు తీసుకోండి.