ఉబుంటు అప్‌గ్రేడ్ తర్వాత ప్యాకేజీలు మొరాయిస్తే

ఉబుంటు 22.04 నుంచి 24.04కి మారాక ఏదైనా ప్యాకేజీ డిపెండెన్సీలు (అది పనిచేయడానికి కావాల్సిన ఇతర ప్యాకేజీలు) కుదరట్లేదని మొండికేస్తే, వెంటనే దాన్ని పీకేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేసే పని పెట్టుకోకండి. ముందు అది ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. టెర్మినల్‌లో ఉబుంటు ప్యాకేజీలను చూసుకునే టూల్ ఆప్ట్‌కి చెందిన 'ఆప్ట్ పాలసీ' (apt policy) కమాండ్‌కి ఆ ప్యాకేజీ పేరు ఇవ్వండి. మూడు నక్షత్రాలున్న వరుసే మీ దగ్గర ప్రస్తుతం ఉన్న వెర్షన్. దాని కింద ఏ సర్వర్ అడ్రసూ లేకుండా డీపీకేజీ (dpkg) స్టేటస్ ఫైల్, అంటే మీ మెషీన్‌లో ఇన్‌స్టాల్ అయినవాటి జాబితా, ఒక్కటే కనిపిస్తే, ఆ వెర్షన్‌కి ఇప్పుడు దిక్కూ మొక్కూ లేనట్టే. పాత విడుదలలోంచి మిగిలిపోయిందో, ఎప్పుడో మీరే డెబ్ ఫైల్‌తో ఎక్కించిందో అయ్యుంటుంది.

అప్‌గ్రేడ్ చేసేటప్పుడు ఉబుంటు బయటి రిపాజిటరీలను (ఉబుంటువి కాని ప్యాకేజీ సర్వర్లను) తనే ఆపేస్తుంది. చాలా తగువులకు మూలం ఇదే. ఆ రిపాజిటరీల అడ్రసులున్న ఫైళ్లలో 'జామీ' (jammy, 22.04 ముద్దుపేరు) అన్నచోట 'నోబుల్' (noble, 24.04ది) అని మార్చి, వాటిని మళ్లీ తెరవాలి, అంటే ఆన్ చేయాలి. అయితే ఆ రిపాజిటరీవాళ్లు నోబుల్‌కి ప్యాకేజీలు ఇస్తున్నారో లేదో ముందే చూసుకోండి. ఇవ్వకపోతే జామీ పేరుతోనే తెరిచేద్దామనిపిస్తుంది. వద్దు, రెండు విడుదలల లైబ్రరీలు కలగలిస్తే చిక్కు ఇంకా ముదురుతుంది. ఆ ప్యాకేజీని తీసేసి, ఉబుంటు సొంత వెర్షన్‌తో సర్దుకోవడం మేలు.

'ఆప్ట్ మార్క్ షోహోల్డ్' (apt-mark showhold) కూడా ఓసారి కొట్టి చూడండి, ఎప్పుడో హోల్డ్‌లో (అప్‌డేట్ కాకుండా ఆపి) పెట్టి మరిచిపోయినవి బయటపడతాయి.

పైథాన్ వర్చువల్ ఎన్విరాన్‌మెంట్లు (ఒక్కో ప్రాజెక్టుకి విడిగా పెట్టుకునే పైథాన్ ఫోల్డర్లు) మాత్రం ఆప్ట్ పరిధిలోకి రావు. సిస్టమ్ పైథాన్ 3.10 నుంచి 3.12కి మారింది కాబట్టి వాటిని బాగుచేయాలని చూడకుండా, రిక్వైర్‌మెంట్స్ ఫైల్ (కావాల్సిన పైథాన్ ప్యాకేజీల జాబితా) దగ్గర పెట్టుకుని కొత్తగా కట్టుకోండి.