పట్టా దిగే ప్రయాణికుల ట్రక్కు: లక్షణం, కారణం, మరమ్మతు

గోదావరి డెల్టాలో మనుషులను ఎక్కించుకుని తిరిగే నమూనా చిన్నరైలుకు దారి వేసుకున్నవారికి ముందుగా ఎదురయ్యే చిక్కు ఇది: ఇంజను సాఫీగా పోతుంది, వెనుక మనుషులు కూర్చునే ట్రక్కు మాత్రం పట్టాలు దిగుతుంది. 127 మిల్లీమీటర్ల, అంటే 5 అంగుళాల గేజ్ (రెండు పట్టాల మధ్య దూరం) మీద నడిచే, ఇరువైపులా కాళ్లు వేసుకుని కూర్చునే ట్రక్కును దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. వాడుకలో బోగీ అంటే పెట్టె అనే అర్థం స్థిరపడిపోయింది గాని, ఇక్కడ బోగీ అంటే ట్రక్కు కింద ముందొకటి, వెనకొకటి ఉండే నాలుగు చక్రాల చట్రం.

లక్షణం: వేసవిలో చక్కగా నడిచిన ట్రక్కు వానలు పడ్డాక ఒకే చోట, అదీ వంపు మొదలయ్యే చోట, పట్టా దిగుతుంది.

కారణం: మన బంకమట్టి నీరు తాగితే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. అందువల్ల ఎంత కంకర పోసినా రెండు పట్టాల ఎత్తుల్లో తేడా వస్తూనే ఉంటుంది, దారి మెలిపడుతుంది. ఛానల్ ముక్కలను నాలుగు మూలలా బిగుతుగా వెల్డింగ్ చేసిన చట్రం ఆ మెలికకు లొంగదు కాబట్టి ఒక చక్రం గాలిలో తేలుతుంది, వంపులో దాని ఫ్లాంజ్, అంటే చక్రాన్ని పట్టా మీద నిలిపే లోపలి అంచు, పట్టా మీదికి ఎక్కేస్తుంది. నిర్ధారణకు పరికరాలేమీ అక్కర్లేదు. ట్రక్కును సరిగ్గా ఆ చోటనే నిలిపి, మనిషిని కూర్చోబెట్టి, ఒక్కొక్క చక్రానికీ పట్టాకూ మధ్య పలుచని కాగితం దూర్చి చూడాలి. మా కొబ్బరితోటలోని దారిలో ఏడు చక్రాల దగ్గర కాగితం అంచు దూరనే లేదు. వెనుక బోగీ కుడివైపు ఒక చక్రం కింద మాత్రం ఈ పక్క నుంచి ఆ పక్కకు జారిపోయింది. అప్పటిదాకా రెండు వారాలుగా మేము పట్టాను తిట్టుకుంటూ కంకర కూరుతున్నాం.

మరమ్మతు: ముక్కాలిపీట ఎగుడుదిగుడు నేల మీద వేసినా ఆడదు, నాలుగు కాళ్ల పీట ఆడుతుంది. ట్రక్కుకూ ఆ సూత్రమే వర్తిస్తుంది. ఒక బోగీ మీద బరువును రెండు పక్కల దిమ్మల మీద ఆననివ్వాలి. రెండో బోగీ మీద, అది తిరగడానికి ఆధారమైన నడిమి పిన్ను దగ్గర మాత్రమే ఆననిచ్చి, పక్కల 2 నుంచి 3 మిల్లీమీటర్ల సందు వదలాలి. రెండు బోగీలకూ సందు వదలడం పొరపాటు, ఎందుకంటే అప్పుడు మనిషి కాస్త ఒరిగితే ట్రక్కు కూడా ఒరుగుతుంది. బోగీలోని రెండు పక్క పలకలను కలిపి వెల్డింగ్ చేయకుండా, ఒకదానితో సంబంధం లేకుండా మరొకటి కొద్దిగా ఊగేలా బిగిస్తే ఇంకా మంచిది. స్ప్రింగులు వేసేటట్లయితే పిల్లవాడి బరువుకు కూడా కొంత కుంగేవి ఎంచుకోవాలి, బిర్రుగా ఉన్న స్ప్రింగు ఉన్నా లేనట్టే.

లక్షణం: మామూలు దారిలో ఇబ్బంది లేదు, పాయింట్ల దగ్గర, అంటే ఒక దారి రెండుగా చీలే చోట, మాత్రమే దిగుతుంది.

కారణం చాలావరకు ఇరుసు మీద చక్రం జరగడమే. మన బ్రాడ్‌గేజ్‌లో పట్టాల మధ్య 1676 మిల్లీమీటర్లు ఉంటే, చక్రాల లోపలి ముఖాల మధ్య 1600 ఉంటుంది. మన 127 గేజ్‌కు ఆ కొలత సుమారు 119. వెర్నియర్ కాలిపర్ అనే కొలత పరికరంతో చక్రం చుట్టూ మూడు చోట్ల కొలవాలి. మూడూ ఒకటే అయి 119కి తేడాగా ఉంటే చక్రం జరిగింది. మూడూ మూడు రకాలుగా ఉంటే చక్రం వంకరగా ఎక్కింది, దాన్ని తీసి మళ్లీ లేత్ మీద పెట్టాల్సిందే. సరిచేశాక లోక్‌టైట్ అనే జిగురుతో పాటు ఒక పిన్ను కూడా వేయడం నాకు అలవాటు.

లక్షణం: ట్రక్కు తోస్తే బరువుగా కదులుతుంది, కొంత దూరం పోయాక బేరింగు వేడెక్కుతుంది.

ఇరుసుకు పక్కలకు కదలడానికి వెంట్రుకవాసి సందు కూడా లేకుండా బిగించి ఉంటారు, లేదా బేరింగు గూడును ముందే బోరింగ్ చేసి (లోపలి రంధ్రం కొలతకు కోసి) తర్వాత వెల్డింగ్ చేయడంతో అది వంకరపోయి ఉంటుంది. వెల్డింగ్ ముందు, బోరింగ్ తర్వాత. ఉప్పుగాలి తగిలే కోనసీమలో రెండు వైపులా రబ్బరు మూతలున్న 6202 వంటి బేరింగులే వాడాలి. దీని లోపలి రంధ్రం 15 మిల్లీమీటర్లు, వెలుపలి వ్యాసం 35.

లక్షణం: ముందుకు లాగితే బాగుంటుంది, వెనక్కి తోస్తే ట్రక్కు పక్కకు నెట్టుకుపోతుంది.

రెండు ట్రక్కులను కలిపే కప్లింగ్ కడ్డీ పొట్టిగా ఉండడమో, రెండు ట్రక్కుల కప్లింగుల ఎత్తు కలవకపోవడమో దీనికి కారణం. కడ్డీని పొడవు చేసి, ఎత్తులు సమం చేసి, కప్లింగ్ ఊడినా ట్రక్కు విడిపోకుండా పక్కనే ఒక గొలుసు వేయాలి.

కూర్చునే పలకకు మామూలు ప్లైవుడ్ వేస్తే ఒక్క వానాకాలానికే పొరలు విడిపోతుంది. ఐఎస్ 710 అనే భారతీయ ప్రమాణం గుర్తున్న మెరైన్ ప్లైవుడ్ కొని, కోసిన అంచులకు కూడా రంగు పట్టించి, వీలైనంత తక్కువ ఎత్తులో బిగించాలి. ఇంత సన్నని గేజ్ మీద పలక ఒక్క అంగుళం పెరిగినా ఒరుగుడు తెలుస్తుంది.