లిటిల్ అండమాన్ జలపాతాలకు వెళ్ళే సిక్కోలు వాళ్ళకి కొన్ని జాగ్రత్తలు

శ్రీకాకుళం జిల్లా తీరంలో అండమాన్‌లో చుట్టాలు లేని ఊరు కోసం వెతుక్కోవాలి. సోంపేట, కవిటి, ఇచ్ఛాపురం వైపు నుంచి చేపల వేటకీ కూలి పనులకీ వెళ్ళి అక్కడే ఇల్లూ వాకిలీ ఏర్పరచుకున్న కుటుంబాలు బోలెడు. పోర్ట్ బ్లేయర్‌ని 2024 సెప్టెంబర్‌లో శ్రీ విజయపురం అని మార్చారు గానీ, మనవాళ్ళ నోట ఇంకా పాత పేరే. ఆ ఊళ్ళోని జంగ్లీఘాట్‌లో పది అడుగులు వేస్తే తెలుగు మాట చెవిన పడుతుంది. సంక్రాంతి అయ్యాక అన్నయ్య ఇంటికనో, మావయ్యగారి గృహప్రవేశానికనో బయల్దేరినవాళ్ళు ఇదివరకు సెల్యులర్ జైలు, హావ్‌లాక్ దీవి చూసి తిరుగు టికెట్ తీసుకునేవారు. ఇప్పుడు కుర్రాళ్ళు ఇంకా దక్షిణానికి, లిటిల్ అండమాన్‌కి పోతున్నారు. అక్కడ అడవిలో రెండు జలపాతాలున్నాయి: వైట్ సర్ఫ్, విస్పర్ వేవ్.

వెళ్ళొద్దని చెప్పను, వెళ్ళాల్సిన చోటే. నా భయమల్లా మన ధీమా గురించి. "ఏటవుతాది బావూ, గెడ్డల్లో ఈతలు కొట్టినోళ్ళమే కదా" అంటారు. మహేంద్రగిరి ఎక్కినవాళ్ళకి ఇంకా ధీమా. మహేంద్రగిరి 1,501 మీటర్ల కొండ. శివరాత్రికి జనం బారులు తీరి ఎక్కుతారు, పైన గాలి ఆడుతుంది, దారి తప్పినా కేకేస్తే ఎవరో ఒకరు పలుకుతారు. లిటిల్ అండమాన్‌లో అంత ఎత్తు లేదు. అక్కడ ఆయాసపెట్టేది ఉక్క, కాళ్ళు పట్టుకునేది బురద, కొంప ముంచేది ఆసుపత్రికి ఉన్న దూరం. పోర్ట్ బ్లేయర్ నుంచి లిటిల్ అండమాన్‌లోని హట్ బే రేవుకి సుమారు 120 కిలోమీటర్ల సముద్రం. పడవలో ఆరేడు గంటలు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే. హట్ బేలో ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. అది దాటిన వైద్యం కావాలంటే పోర్ట్ బ్లేయర్‌లోని జి.బి. పంత్ ఆసుపత్రికి రావాల్సిందే. అడవిలో వేసే ప్రతి అడుగూ ఈ లెక్క మనసులో పెట్టుకుని వేయాలి.

ఎప్పుడు వెళ్ళాలి

అండమాన్ అంటే టీవీలో వినే అల్పపీడనం కబురు మనకి అలవాటే. 2014లో హుద్‌హుద్ అక్కడి సముద్రంలోనే పుట్టింది. అక్టోబర్ 8న అండమాన్‌లోని లాంగ్ ఐలాండ్‌ని దాటి, 12న మన పక్కన విశాఖ మీద పడింది. కాబట్టి అక్టోబర్, నవంబర్ నెలల్లో అడవి ప్రయాణం పెట్టుకోకండి. మే మూడో వారానికల్లా నైరుతి అక్కడికి చేరుతుంది, అప్పట్నుంచి సెప్టెంబర్ దాకా వానే. జనవరి నుంచి మార్చి దాకా సముద్రం కాస్త నెమ్మదిగా ఉంటుంది, దారి కూడా నడవనిస్తుంది. మార్చి చివరికి జలపాతంలో నీళ్ళు సన్నబడి ఫొటోలో చూసినట్టు ఉండకపోవచ్చు. సన్నటి జలపాతం చూసొచ్చినా నష్టం లేదు.

ఇంకో మాట, దీన్ని చాలామంది పట్టించుకోరు. తిరుగు విమానానికో ఓడకో ముందు కనీసం రెండు రోజులు ఖాళీ ఉంచుకోండి. సముద్రం బాగోలేకపోతే హట్ బే పడవలు రద్దవుతాయి. టికెట్ పోతుందన్న టెన్షన్‌లో ఉన్నవాడే గైడ్ వద్దన్నా వానలో అడవిలోకి నడుస్తాడు. పడవలో కడుపులో తిప్పే అలవాటున్నవాళ్ళు ఎక్కడానికి ముందే మాత్ర వేసుకోవాలి, వాంతులు మొదలయ్యాక అది పనిచేయదు.

గైడ్

వైట్ సర్ఫ్ రేవుకి దగ్గరే, బండి దిగి కాస్త నడిస్తే చాలు. విస్పర్ వేవ్ అలా కాదు. కృష్ణా నాలా వైపు వెళ్ళి, అక్కడి నుంచి కొన్ని కిలోమీటర్లు అడవిలో నడవాలి. నాలా అంటే మన గెడ్డే. ఈ దారికి ఆ ఊరి మనిషి తోడు లేకుండా కదలకండి. హట్ బేలో బెంగాలీలు, నికోబారీలు, మనవాళ్ళు కలిసి ఉంటారు, నడిచే భాష హిందీ. తెలుగు వచ్చిన గైడ్ దొరికితే మంచిదే. అయితే భాష కంటే ముందు చూడాల్సింది, ఆయన ఈమధ్య ఆ దారిన వెళ్ళాడా లేదా అన్నది. ఒక్క పెద్ద వానకే పడిపోయిన చెట్లు దారిని మార్చేస్తాయి. పోయినేడు వెళ్ళిన మనిషికి ఈ ఏటి దారి తెలియదు.

డబ్బు బేరం ముందే తేల్చుకోండి, దారిలో వద్దు. "మధ్యలో వెనక్కి తిరగాల్సి వచ్చినా పూర్తి డబ్బులిస్తాం" అని కూడా బయల్దేరే ముందే చెప్పండి. ఇది దానం కాదు. జలపాతం చూపిస్తేనే కూలి అంటే, మబ్బు పట్టినా ఆయన మిమ్మల్ని ముందుకే తీసుకెళ్తాడు. ఆయన చేతిలో కత్తి ఉందా, తాడు ఉందా చూసుకోండి. నడిచేటప్పుడు ఆయన ముందు, మీలో గట్టిగా నడిచేవాడు చివర, పిల్లలూ పెద్దవాళ్ళూ మధ్యలో. ఫొటో కోసం ఎవరు ఆగినా అందరూ ఆగాలి.

ఓంగే గిరిజనుల రక్షిత ప్రాంతాలు ఆ దీవిలో పెద్ద భాగమే. 1956 నాటి రక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా అటు అడుగు పెట్టినా, వాళ్ళని ఫొటో తీసినా, వీడియో తీసినా నేరం, జైలుకి పంపుతారు. "చిన్న వీడియోనే కదా" అనే మేనల్లుడు మీ బృందంలో ఉంటే అతని ఫోన్ మీ సంచిలో వేసుకోండి. "అక్కడికి తీసుకెళ్తా" అని గైడే ఆశపెడితే ఆ గైడ్‌ని మార్చేయండి.

పొద్దు లెక్క

మనవాళ్ళు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడ. గడియారం మనదే, పొద్దు మాత్రం మనది కాదు. అండమాన్ మనకి తూర్పున చాలా దూరంలో ఉంది గనక తెల్లవారడమూ చీకటిపడడమూ రెండూ ముందే. డిసెంబర్‌లో సాయంత్రం అయిదుకే సూర్యుడు దిగిపోతాడు. పెద్ద చెట్ల కింద అంతకు అరగంట ముందే కాలి కింద ఏముందో కనపడదు. ఉదయం ఆరింటికల్లా నడక మొదలుపెట్టండి. పన్నెండు దాటితే జలపాతం కనుచూపు మేరలో ఉన్నా వెనక్కి తిరగండి. టార్చి మాత్రం ఒకటి కాదు, మనిషికొకటి ఉండాలి. ఫోన్ టార్చిని లెక్కలోకి తీసుకోకండి, ఆ ఫోన్‌కి అడవిలో సిగ్నల్ కూడా ఉండదు. ఎటు వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో బసలో ఒకరికి చెప్పి, ఆ టైం దాటితే 112కి ఫోన్ చేయమనండి.

కాలి కింద

కొత్త బూట్లు వద్దు, అరిగిన బూట్లు అసలే వద్దు. అడుగున గుబ్బలున్నవి, నీళ్ళు బయటికి పోయేవి, కొంతకాలంగా తొడుక్కుని అలవాటైనవి కావాలి. చెప్పులతో వచ్చిన బావని ఇంటి దగ్గరే ఉంచేయండి.

జలపాతం దగ్గర రాళ్ళని ఒకసారి వంగి చూడండి. పొడిగా, బూడిదరంగులో, గరుకుగా ఉన్న రాయి కాలిని ఆపుతుంది. ముదురాకుపచ్చగా, తడిగా మెరిసేదాని మీద సన్నటి నాచు పొర ఉంటుంది. వేలితో రాస్తే జిగట తగులుతుంది. అలాంటి రాయి మీద బూటు ఎంత ఖరీదైనదైనా ఒకటే. దాని మీద కాలు వేయకుండా రాళ్ళ మధ్య ఇసుకలో పెట్టండి, లోతు మాత్రం ముందు కర్రతో చూసుకోండి. పేము తీగల ముళ్ళు వెనక్కి వంగి కొక్కేల్లా ఉంటాయి. చొక్కా చిక్కుకుంటే ముందుకి లాగకండి, ఒక అడుగు వెనక్కి వేస్తే అదే వదులుతుంది. జారుతున్నాం కదా అని ఏ కొమ్మ దొరికితే ఆ కొమ్మ పట్టుకోవడం కూడా తగ్గించుకోవాలి.

నాలా దాటేటప్పుడు నీళ్ళు మోకాలు దాటితే ఆగిపోండి. దాటగలిగేలా ఉంటే సంచి బకిల్ విప్పి, ప్రవాహానికి ఎదురుగా తిరిగి, కర్ర ఊతంతో ఒక్కో అడుగూ పక్కకి వేస్తూ వెళ్ళాలి. సంచి బిగించుకుని పడితే అదే మనిషిని కిందికి లాగుతుంది.

నాగావళి, వంశధార వరదలు చూసినవాళ్ళకి ఈ మాట తెలిసిందే: మన నెత్తిన వాన లేకపోయినా పైన ఎక్కడో కురిస్తే నీళ్ళు వస్తాయి. అప్పటిదాకా తేటగా ఉన్న నీళ్ళు ఎర్రబడడం, ఆకులూ పుల్లలూ కొట్టుకురావడం, చప్పుడు మారడం, ఇందులో ఏ ఒక్కటి కనిపించినా సామాన్లు వదిలేసి గట్టుకి ఎక్కేయండి. ఆ చప్పుడు వినపడాలంటే చెవుల్లో పాటలు పెట్టుకోకూడదు. జలపాతం ధార కింద తల పెట్టి నిలబడకండి, నీళ్ళతో పాటు కొమ్మలూ రాళ్ళూ పడతాయి.

కింద మడుగు చూస్తే దూకాలనిపిస్తుంది. దూకకండి. అండమాన్‌లో ఉప్పునీటి మొసళ్ళున్నాయి. సముద్రంలోనూ, క్రీకుల్లోనూ, నాలాల్లోనూ తిరుగుతాయి. 2010లో హావ్‌లాక్ తీరంలోనే ఒక అమెరికన్ పర్యాటకురాలిని మొసలి చంపింది. హెచ్చరిక బోర్డు ఉన్నచోట నీళ్ళ అంచున కూర్చుని టిఫిన్ గిన్నె కడగడం కూడా వద్దు. బోర్డు లేనిచోట గైడ్ మాటే బోర్డు. ఆయన దిగొచ్చన్నా మోకాలు దాటి దిగకండి.

కుట్టేవి, కరిచేవి

జలగలు తప్పవు. పొడవాటి మేజోళ్ళలోకి ప్యాంటు దోపుకోండి. పొగాకు నానబెట్టిన నీళ్ళలో మేజోళ్ళు తడిపి ఆరబెట్టడం పాతవాళ్ళ పద్ధతి, చుట్ట కాల్చే ఇళ్ళలో పొగాకుకి కొదవేముంది. పట్టిన జలగని కాల్చొద్దు, గుంజొద్దు. చర్మానికి ఆనించి గోరు పక్కకి జరిపితే ఊడుతుంది. తరవాత సబ్బుతో కడగాలి. జెర్రిలు అక్కడ పెద్దవి, బూట్లు దులపకుండా తొడగకండి. కరిస్తే, ఓర్చుకోగలిగినంత వేడినీళ్ళలో ముంచి ఉంచితే నొప్పి తగ్గుతుంది.

పాముల సంగతి కాస్త గట్టిగా చెప్పాలి. మన దేశంలో దొరికే విషవిరుగుడు ఇంజక్షన్ ప్రధాన భూభాగంలోని నాలుగు పాముల విషంతో తయారవుతుంది: నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి. అండమాన్ నాగు, అండమాన్ కట్లపాము వేరే జాతులు. అక్కడి పిట్ వైపర్ అనే పింజరి జాతికి ఆ మందు తయారుకాలేదు. అందుకే "ఇంజక్షన్ ఉంది కదా" అనుకోకండి. చేయి పెట్టేచోటూ కాలు పెట్టేచోటూ ముందు చూడాలి, పడిన దుంగని దాటేముందు దాని అవతల ఏముందో చూడాలి. కరిస్తే కట్టు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం ఏవీ వద్దు. ఆ కాలు కదలకుండా కర్రతో కట్టి, మనిషిని నడిపించకుండా మోసుకుంటూ హట్ బే ఆసుపత్రికి చేర్చాలి. పాముని పట్టి తెస్తానని ఎవరూ వెనకబడకూడదు.

ఉద్దానం వాళ్ళకి ప్రత్యేకంగా

ఉక్కలో చెమట కారిపోతుంది. మనిషికి మూడు లీటర్లకి తగ్గకుండా నీళ్ళు, నాలుగైదు ఓఆర్ఎస్ పొట్లాలు ఉండాలి. ముందురోజు రాత్రి తాగుడు వద్దు. కొబ్బరిచెట్టు కింద కూర్చోవద్దని ఉద్దానం వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. చెప్పాల్సింది ఆ వైపు ఎక్కువగా కనిపించే కిడ్నీ జబ్బు గురించి. కవిటి, సోంపేట, కంచిలి, పలాస వైపు నుంచి వెళ్ళేవాళ్ళు బయల్దేరే ముందు ఒకసారి క్రియాటినిన్ పరీక్ష, అంటే కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష, చేయించుకోండి. ఒంట్లో నీళ్ళు తగ్గినప్పుడు డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ లాంటి నొప్పి బిళ్ళలు కిడ్నీని దెబ్బతీస్తాయి. కాళ్ళు లాగేస్తున్నాయని దారిలో ఎవరిచ్చినా మింగకండి. క్రియాటినిన్ ఎక్కువుందని తేలితే, నడక సంగతి దేవుడెరుగు, ముందు డాక్టరు మాట వినండి.

తిరిగొచ్చాక నెలరోజులు ఒక కన్నేసి ఉంచాలి. 1988 నుంచి అండమాన్‌లో వానల తరవాత జ్వరంతో మొదలై రక్తం పడి జనం చనిపోయే జబ్బొకటి కనిపించింది. దానికి మొదట అండమాన్ హెమరేజిక్ ఫీవర్ అని పేరు పెట్టారు. అది లెప్టోస్పైరోసిస్ అని, అంటే మనం ఎలుకజ్వరం అనేదేనని ఆ తరవాత తేలింది. ఎలుకలూ పశువులూ మూత్రం పోసిన బురదలో, నీళ్ళలో కాలిపుండుతో తిరిగితే అంటుకుంటుంది. బొబ్బలూ గీరుకున్న చోట్లూ వాటర్‌ప్రూఫ్ ప్లాస్టర్‌తో మూసుకుని నడవాలి. ముందుజాగ్రత్త మాత్ర కావాలా అన్నది వెళ్ళేముందే డాక్టర్ని అడగండి. దోమల మందు, దోమతెర మలేరియా కోసం. ఒంటిమీద నల్లటి పెచ్చు కట్టిన పుండు కనిపిస్తే చిన్న పురుగుల కాటుతో వచ్చే స్క్రబ్ టైఫస్ జ్వరం కావచ్చు.

జ్వరం, పిక్కల్లో విపరీతమైన నొప్పి, కళ్ళు ఎర్రబడడం, మూత్రం తగ్గడం కనిపిస్తే ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర నొప్పి ఇంజక్షన్ చేయించుకుని పడుకోకండి. ఆ రోజే శ్రీకాకుళం రిమ్స్‌కో, విజయనగరం పెద్దాసుపత్రికో వెళ్ళండి. డాక్టరు అడగకపోయినా సరే, "అండమాన్ అడవిలో బురదలో నడిచొచ్చాం" అని మొదటి మాటగా చెప్పండి.